అమావాస్య పూట కొత్త సంవత్సరం

మా తాతయ్యకు చైనా మీద ఉన్న మొదటి అభ్యంతరం పంచాంగానికి సంబంధించినది.

2007 సెప్టెంబరు మొదట్లో వైద్యవిద్య కోసం నేను సూజౌ చేరాను. షాంఘైకి పడమర దిక్కున, రైల్లో గంటలోపు ప్రయాణం. ఊరంతా కాలువలు, కాలువల మీద రాతి వంతెనలు. కోనసీమలో పుట్టినవాడికి ఇంటి బెంగ పెంచడానికి అంతకంటే ఏం కావాలి! చేరిన మూడో వారంలో ఒక సాయంత్రం హాస్టల్ చూసుకునే ఆవిడ గది గదికీ తిరిగి, ఒక్కొక్కరి చేతిలో కాగితంలో చుట్టిన వేడి వేడి బిళ్ల ఒకటి పెట్టింది. కిటికీలోంచి చంద్రుణ్ణి చూపిస్తూ గబగబా ఏదో చెప్పింది. ఆ మాటల్లో మాకు అర్థమైంది చంద్రుడు ఒక్కడే.

ఆ రాత్రి కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోను చేశాను. "ఈరోజు వీళ్లకు పున్నమి పండుగట తాతయ్యా" అన్నాను.

"ఈరోజు ఎలా అవుతుంది? భాద్రపద పౌర్ణమి రేపు కదా. మంగళవారం నాడు పున్నమేమిటి?"

మా తాతయ్య లెక్కల మాస్టారుగా పనిచేసి విరమించారు. పొద్దున్నే పంచాంగం చూడనిదే కాఫీ గ్లాసు ముట్టరు. అంత పెద్ద దేశం పున్నమిని ఒక రోజు ముందుగా జరుపుకుంటోందంటే ఆయనకు నిద్ర పట్టేలా లేదు. "ఎవరినైనా అడిగి కనుక్కో" అని ఫోను పెట్టేశారు.

అడగడానికి నాకు తెలిసిన మనిషి ఆ హాస్టల్ ఆవిడే. అందరూ ఆవిడను ఆయీ అని పిలిచేవారు. పిన్ని అన్నట్టు అన్నమాట. మా తెలుగు పిల్లల చెవులకు అది బళ్లో ఆయాలా వినపడి మొదటి రోజే అతికిపోయింది. యాభై దాటిన మనిషి, కురచ జుట్టు, నడుముకు ఎప్పుడూ తాళాల గుత్తి. తర్వాతి ఆరేళ్లలో చైనా పండుగల గురించి నేను తెలుసుకున్నదంతా ఒక చెవితో తరగతి గదిలో, రెండో చెవితో ఆవిడ కుర్చీ పక్కన విన్నదే. ఆ రెండూ చాలాసార్లు కలిసేవి కావు.

ముందు ఆ బిళ్ల సంగతి. పైకి మన తాపేశ్వరం మడత కాజాలాగా పొరలు పొరలుగా విడిపోతుంది. తీపి ఉంటుందని ఆశగా కొరికితే లోపల ఉప్పటి రసం, మెత్తటి మాంసం. పంది మాంసమని మింగాకనే తెలిసింది. మా గదిలో ఒకడు కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. నేను కూడా పరిగెత్తానని చెబితే బాగుంటుంది గానీ, నేను రెండో ముక్క తిన్నాను. చైనా అంతటా ప్రసిద్ధమైన కాంటన్ తరహా చంద్రబిళ్ల వేరు. నిగనిగలాడే పలచటి పై పొర, లోపల తామర గింజల ముద్ద, నడుమ చంద్రుడిలా ఉప్పు కలిపిన బాతుగుడ్డు పచ్చసొన. సూజౌ వాళ్లు దాన్ని చూసి పెదవి విరుస్తారు. వాళ్ల దృష్టిలో యువేబింగ్, అదే చంద్రబిళ్ల, అంటే పెనం మీంచి అప్పుడే దిగిన మాంసం బిళ్ల. గ్వాన్‌ఛ్యెన్ వీధిలో ఆ రోజుల్లో వాటి కోసం కట్టే వరుస చూస్తే ఏ గుడిలో ప్రసాదం పంచుతున్నారో అనిపిస్తుంది.

కథ మాత్రం అందరిదీ ఒకటే. ఆకాశంలో పది మంది సూర్యులు, హౌ యీ అనే విలుకాడు తొమ్మిదింటిని పడగొట్టడం, అతనికి దక్కిన అమృతాన్ని భార్య ఛాంగ్‌అ మింగి చంద్రుడిలోకి ఎగిరిపోవడం. ఎందుకు మింగిందన్నది ఎవరికి తోచినట్టు వారు చెబుతారు. మొగుడి మీద కోపంతో అని ఒకరు, దొంగ చేతికి చిక్కకుండా అని ఇంకొకరు. ఆయీ అయితే, "ఎవరికి తెలుసు, విసుగు పుట్టి ఉంటుంది" అంది. చంద్రుడిలో ఛాంగ్‌అకు తోడు ఒక కుందేలు. చంద్రుణ్ణి శశాంకుడని పిలిచే భాషలో పుట్టినవాణ్ణి కాబట్టి ఆ కుందేలు నాకు మేనత్త కొడుకులా కనిపించింది. అయితే మన కుందేలు ఊరికే కూర్చుని ఉంటుంది. వాళ్ల కుందేలు రోట్లో మందు నూరుతూ ఉంటుంది. మా వైద్య విద్యార్థులకు అదే తగిన దేవత అనుకున్నాం.

ఆ ఏడు పండుగ పూట మాకు సెలవు లేదు. మధ్య శరత్తు పండుగ అనే ఈ పున్నమి పండుగకు, పెద్దలను తలచుకునే ఛింగ్‌మింగ్‌కు, పడవ పందేల దువాన్‌వూకు అధికారికంగా సెలవు ఇవ్వడం 2008 నుంచే మొదలైంది. అంతకుముందు కొత్త సంవత్సరం తప్ప పాత పండుగల్లో దేనికీ సెలవు లేదు. బిళ్లలు తిని మర్నాడు శరీర నిర్మాణ శాస్త్రం తరగతికి వెళ్లాం. ఆ రాత్రే ఆయీని పట్టుకుని, ఒక సీనియర్‌ను దుబాసీగా పెట్టుకుని తాతయ్య సందేహం అడిగాను. "పదిహేనో నాటి చంద్రుడు పదహారున గుండ్రమవుతాడు, అది అందరికీ తెలిసిందేగా" అంది. నిజంగానే వాళ్లకు అలాంటి సామెత ఉంది. తాతయ్యకు చెబితే, "అంటే తప్పని వాళ్లకూ తెలుసన్నమాట" అన్నారు.

అసలు గుట్టు ఫిబ్రవరిలో బయటపడింది. దాని కంటే ముందు దోంగ్‌జీ వచ్చింది.

దోంగ్‌జీ అంటే డిసెంబరు 21, 22 తేదీల్లో వచ్చే శీతాకాలపు అతి పొడవైన రాత్రి. చైనాలో చాలా ఊళ్లకు అదొక మామూలు పండుగ. సూజౌలో మాత్రం, "దోంగ్‌జీ కొత్త సంవత్సరమంత పెద్దది" అంటారు. మధ్యాహ్నానికే దుకాణాలు మూసి, నాలుగు గంటలకల్లా ఊరంతా ఇళ్లకు చేరుకుంటుంది. ఆయీ చెప్పిన కారణం ఇదీ: మూడువేల ఏళ్ల కిందట ఉత్తరాన జౌ వంశంలో పెద్ద కొడుకు థాయ్‌బో, తమ్ముడి కోసం రాజ్యం వదులుకుని ఈ దక్షిణ దేశానికి వచ్చి వూ రాజ్యం స్థాపించాడు. జౌ వాళ్ల కాలగణనలో దోంగ్‌జీ ఉన్న నెలతోనే ఏడాది మొదలు. తర్వాత రాజులు మారారు, ఏడాది మొదలు మారింది. సూజౌ మాత్రం థాయ్‌బో తెచ్చిన సంవత్సరాదిని వదల్లేదు. అన్నదమ్ముల కథ, రాజ్యం వదులుకోవడం వినగానే మాకు ఎవరు గుర్తొచ్చి ఉంటారో చెప్పనవసరం లేదు.

ఆ రాత్రికి ప్రత్యేకమైన సారా ఒకటి ఉంటుంది, దోంగ్‌న్యాంగ్. బియ్యం పులియబెట్టి చేస్తారు. ఘాటు నామమాత్రం, తియ్యగా ఉంటుంది. అందులో ఆస్మాంథస్ పూలు తేలుతుంటాయి. శరత్తులో సూజౌ వీధుల్ని ముంచెత్తే వాసన ఆ చిన్న పసుపు పూలదే. ఏడాదిలో ఈ కొద్ది రోజులే దొరుకుతుంది. నిలవ ఉండదు, సీసాలో కూడా పులుస్తూనే ఉంటుంది. ఆ సంగతి తెలియక నేను సీసా తెచ్చి గదిలో హీటరు పక్కన పెట్టాను. అర్ధరాత్రి మూత తుపాకీలా పేలి, మా గది సహచరుడి ఫిజియాలజీ పుస్తకం మొత్తం మత్తులో మునిగింది. వాడి పుస్తకం ఆ తర్వాత పరీక్షల దాకా పూల వాసన వేసింది.

ఆ సాయంత్రం మమ్మల్ని నలుగురిని ఆయీ ఇంటికి పిలిచింది. కాలువ వెంట సన్నటి సందులో పాత ఇల్లు. అక్కడ ఇంకో తగాదా చూశాం. ఆయీ అత్తగారిది షాన్‌డాంగ్, ఉత్తరాది. ఎనభై ఏళ్ల ముసలావిడ. ఆవిడ లెక్కలో దోంగ్‌జీకి తినవలసింది పిండి చుట్టిన కుడుముల్లాంటి జ్యావ్‌జ, కోడలి లెక్కలో దోంగ్‌న్యాంగ్‌తో రకరకాల మాంసం ముక్కలు. ఒకే బల్ల మీద రెండూ ఉన్నాయి. మేము డాక్టర్ చదువుకు వచ్చామని తెలియగానే ముసలావిడ కుడుము చూపించి, తన చెవి పట్టుకుని లాగి చూపించింది. వెనుకటికి హాన్ కాలంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే గొప్ప వైద్యుడు, చలికి చెవులు పుండ్లు పడిన బీదవాళ్ల కోసం మూలికలూ మాంసమూ చెవి ఆకారంలో పిండిలో చుట్టి ఉడకబెట్టి పెట్టాడట. ఆ రోజు కుడుము తినకపోతే చెవులు ఊడిపోతాయట. ఆ వైద్యుడు రాసిన జ్వరాల గ్రంథాన్ని చైనా వైద్య కళాశాలల్లో ఇప్పటికీ చదువుతారు గనుక, పాఠం ముందుగా కడుపులోకి వెళ్లిందనుకున్నాం.

ఆయీ ఒక సూజౌ సామెత చెప్పింది. దోంగ్‌జీ రాత్రి ఉన్నవాడు రాత్రంతా తింటాడు, లేనివాడు రాత్రంతా వణుకుతాడు. చెప్పి మా గిన్నెలు మళ్లీ నింపింది.

జనవరి 15న లాబా వచ్చింది. వాళ్ల పన్నెండో నెల ఎనిమిదో రోజు. ఆ ఏడు సరిగ్గా మన సంక్రాంతి రోజుల్లో పడింది. ఊళ్లో ముగ్గులూ హరిదాసులూ, ఇక్కడ మేము షీయువాన్ బౌద్ధాలయం ముందు పొగమంచులో వరుసలో నిలబడి జావ పట్టుకున్నాం. బియ్యం, చిక్కుళ్లు, ఖర్జూరాల్లాంటి ఎండు రేగుపళ్లు, వేరుశెనగలు కలిపి కాచిన జావ. బుద్ధుడికి జ్ఞానోదయమైన రోజుగా దాన్ని పంచుతారు. సుజాత పెట్టిన పాయసం అంతదూరం నడిచి వచ్చి ఆ గంజి అయిందన్నమాట. సంక్రాంతికి పరమాన్నం లేదని ఏడుపు మొహం పెట్టుకున్నవాడికి ఆ మాట తెలిశాక గొంతు దిగింది.

ఇక మంచు. 2008 జనవరి చివర్లో దక్షిణ చైనాను యాభై ఏళ్లలో లేనంత మంచు కమ్మేసింది. కరెంటు తీగలు తెగాయి, రైళ్లు ఆగిపోయాయి. సరిగ్గా దేశంలో కోట్లమంది సొంత ఊళ్లకు ప్రయాణమయ్యే వారాలవి. గ్వాంగ్‌జౌ స్టేషన్ ముందు గొడుగుల కింద నిలబడిన లక్షలమందిని టీవీలో చూస్తూ ఆయీ కుర్చీలోంచి లేచేది కాదు. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఆ దక్షిణాన దోంగ్‌గ్వాన్‌లో ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఆ గుంపులో ఎక్కడో ఉన్నాడు.

అయినా పనులు ఆగలేదు. పన్నెండో నెల ఇరవై నాలుగున పొయ్యి దేవుణ్ణి పైకి పంపింది. ఏడాదంతా వంటింట్లో కూర్చుని ఇంటివాళ్లు ఏం మాట్లాడుకున్నదీ చూసే ఆ దేవుడు, ఆ రోజు స్వర్గానికి వెళ్లి పైవాడికి అన్నీ విన్నవిస్తాడు. అందుకని వెళ్లేముందు ఆయన నోటికి జిగురు మిఠాయి పూస్తారు. తియ్యగా మాట్లాడతాడని కొందరంటారు, అసలు నోరు తెరవలేడని ఇంకొందరు. ఆయీ కొంచెం ఎక్కువే పూసింది. ఇల్లు దులపడం, గుమ్మానికి ఎర్ర కాగితాలు, 'ఫూ' అనే శుభాక్షరాన్ని తలకిందులుగా అతికించడం కూడా జరిగాయి. తలకిందులు అనే మాట, వచ్చింది అనే మాట అక్కడ ఒకేలా పలుకుతాయి. అదృష్టం వచ్చింది అన్నమాట. వాళ్ల పండుగల్లో సగం శ్లేషే. అష్టావధానులు ఆ దేశంలో పుట్టవలసింది.

ఫిబ్రవరి 6 రాత్రి, ఏడాది చివరి భోజనం. హాస్టల్లో మిగిలింది నేనూ ఇంకొకడూ. విమానం టికెట్టు కొనలేని ఇద్దరం. బల్ల మీద బంగారు కడ్డీల ఆకారంలో మడిచిన గుడ్డు కుడుములు, కోరికలు తీర్చే కూర అని పిలిచే సోయా మొలకలు, చివర్లో మొత్తం చేప. చేపను సగమే తిని ఆపాలి, చేప అన్నా మిగులు అన్నా ఒకటే ఉచ్చారణ గనుక రేపటికి మిగలాలి. ఆయీ ఏడు గిన్నెలు పెట్టింది. ఉన్నది ఆరుగురం. ఏడో గిన్నెలో అన్నం వడ్డించి, తినే పుల్లలు జత చేసి, దాని ముందు కుర్చీ వెనక్కి లాగి ఉంచింది. ఎవరూ ఏమీ అనలేదు. పన్నెండింటికి బయట టపాసులు మొదలయ్యాయి. న్యెన్ అనే రాకాసి ఎరుపునూ చప్పుడునూ చూసి పారిపోయిందనే కథ మీరు వినే ఉంటారు, అదే. ఆ మోతలో ఫోను మోగింది. ఆవిడ ఒక చెవి మూసుకుని అరుస్తూ మాట్లాడింది. కొడుకు తిరిగి ఫ్యాక్టరీ గదికే వెళ్లిపోయాడట. తిన్నావా, తిన్నావా అని మూడుసార్లు అడిగింది. ఆ మాట అప్పటికి నాకు చైనా భాషలో బాగా వచ్చు.

మర్నాడు నేను తాతయ్యకు ఫోను చేసి కొత్త సంవత్సర శుభాకాంక్షలు చెప్పాను.

"ఈరోజా! ఈరోజు పుష్య అమావాస్యరా. అమావాస్య పూట ఎవరైనా కొత్త సంవత్సరం మొదలుపెడతారా?" అన్నారు. ఒక్క నిమిషం అవతల నిశ్శబ్దం. మంచి లెక్క దొరికినప్పుడు ఆయన అలాగే ఆగిపోతారు. "తెలిసింది. వాళ్లు అమావాస్య నాడే ఒకటో రోజు లెక్కపెడుతున్నారు. మనం మర్నాడు పాడ్యమి అంటాం. అందుకే వాళ్ల పదిహేను మన పౌర్ణమికి ముందే వస్తోంది." సెప్టెంబరు నుంచి దాచుకున్న సందేహం తీరిన సంతోషం ఆ గొంతులో వినపడింది. అమావాస్య సంగతి మాత్రం ఆయన చివరి దాకా క్షమించలేదు.

అక్కడి నుంచి అది మా ఇద్దరి ఆట అయింది. నేను ఆయీ గోడమీది క్యాలెండరు చూసి వాళ్ల తిథి చెప్పాలి, ఆయన అటునుంచి మన తిథి చెప్పాలి. 2009లో ఆ క్యాలెండరులో ఐదో నెల రెండుసార్లు కనిపించింది. రెండోదాని ముందు రున్ అనే అక్షరం. తాతయ్య ఎగిరి గంతేశారు. "అధికమాసం! వాళ్లకూ ఉందన్నమాట. ఎప్పుడు వేస్తారో కనుక్కో." చైనా భాష నేర్పే మా టీచరమ్మను అడిగితే పలక మీద గీసి చెప్పింది. ఏడాదిలో ఇరవై నాలుగు సౌర విభాగాలు, అందులో పన్నెండు ముఖ్యమైనవి; ఏ చాంద్రమాసంలో ఆ ముఖ్య విభాగం పడదో అది అదనపు నెల. సంక్రమణం లేని మాసం అధికమాసమని తాతయ్య నాకు ఎనిమిదో తరగతిలోనే చెప్పారు. సూత్రం ఒకటే. కాకపోతే వాళ్లది ఋతువులను బట్టి నడిచే సాయన లెక్క, మనది నక్షత్రాలను బట్టి నడిచే నిరయన లెక్క కాబట్టి ఇరవై నాలుగు రోజుల తేడాతో నెలలు అటూ ఇటూ అవుతాయి. అందుకే వాళ్ల చంద్రబిళ్లల పండుగ ఒక్కో ఏడు భాద్రపద పున్నమికి, ఒక్కో ఏడు ఆశ్వయుజ పున్నమికి పడుతుంది. 2009లో అది అక్టోబరు 3న వచ్చింది. మన అధికమాసం మరుసటి ఏడు వైశాఖంలో. "అప్పుడు చెబుతాను నీకు ఎవరి లెక్క సరైనదో" అన్నారు.

దువాన్‌వూ గురించి చెప్పకపోతే టీచరమ్మకూ ఆయీకీ జరిగిన యుద్ధం చరిత్రకెక్కకుండా పోతుంది. ఐదో నెల ఐదో రోజు. టీచరమ్మది హునాన్. ఛ్యూ యువాన్ అనే మంత్రి, ఛూ రాజ్యం పతనం చూడలేక రాయి కట్టుకుని మీలువో నదిలో దూకింది ఆ ప్రాంతంలోనే, క్రీ.పూ. 278లో అని చెబుతారు. ఆయన్ను వెతకడానికి జనం పడవలేసుకుని వెళ్లడమే పడవ పందేలు, చేపలు ఆయన దేహాన్ని తినకుండా నీళ్లలో వేసిన అన్నమే జొంగ్‌జ. పుస్తకంలోనూ ఇదే ఉంది, పరీక్షలోనూ ఇదే రాశాం. ఆయీ విని చేతిలో చీపురు కింద పడేసింది. "మీ టీచరమ్మ ఎక్కడి మనిషి? ఇది వూ జిషూ పండుగ!"

వూ జిషూ కథ తెలుసుకుంటే ఆవిడ కోపం న్యాయమే అనిపిస్తుంది. తండ్రినీ అన్ననూ చంపించిన ఛూ రాజు నుంచి పారిపోయి వచ్చి, వూ రాజు హెల్యూ కోసం క్రీ.పూ. 514లో ఈ సూజౌ నగరాన్ని కట్టించినవాడు ఆయన. తర్వాతి రాజు ఫూఛాయ్‌కు, పొరుగున ఉన్న యువే రాజ్యాన్ని నమ్మవద్దని చెప్పి చెప్పి చివరకు ఆత్మహత్య చేసుకోమని రాజాజ్ఞ అందుకున్నాడు. చనిపోయే ముందు, తన కళ్లు పెరికి తూర్పు ద్వారానికి వేలాడదీయమన్నాడట, యువే సైన్యం నగరంలోకి రావడం చూడాలని. దేహాన్ని తోలు సంచిలో కుట్టి నదిలో పడేశారు. ఆ రోజే ఐదో నెల ఐదు అని సూజౌ నమ్మకం. ఊళ్లో షూమెన్ అని ఒక పాత ద్వారం ఉంది, ఆయన పేరు మీదే అంటారు. ఇంకో తమాషా ఏమిటంటే, ఛ్యూ యువాన్ ప్రాణంగా ప్రేమించిన ఛూ రాజ్యం మీద అంతకు రెండు వందల ఏళ్ల ముందే సైన్యంతో విరుచుకుపడి రాజధానిని పట్టుకున్నవాళ్లలో వూ జిషూ ఒకడు. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే అన్నం ముద్ద. 2009లో యునెస్కో ఈ పండుగను సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చినప్పుడు అందులో మీలువో ఆచారాలతో పాటు సూజౌ ఆచారాలనూ పేరుపెట్టి చేర్చింది. ఆ వార్త కాగితం ఆయీ తన గాజు బల్ల కింద పెట్టుకుంది. టీచరమ్మ హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా కనబడేలా.

నాకు మాత్రం ఇద్దరి మాటా పూర్తిగా నమ్మాలనిపించలేదు. ఆయీ గుమ్మానికి కట్టిన ఆకులు చూస్తే అసలు సంగతి వేరేదేమో అనిపించింది. ఒకటి మన మాచిపత్రి జాతి, వినాయకుడి పత్రిలో మొదటిది. రెండోది కత్తిలా నిటారుగా ఉండే వస ఆకు. చంటిపిల్లలకు మాటలు రావాలని మన ఇళ్లలో అరగదీసి నాలుకకు రాసే వసకొమ్ము దాని దుంపే. వానలూ ఎండలూ కలిసి వచ్చే ఆ నెలను వాళ్లు చెడ్డ నెల అంటారు. పాము, తేలు, జెర్రి, కప్ప, బల్లి అనే ఐదు విషజీవులు బయటికొచ్చే కాలం. దానికి మందు ఈ ఆకుల ఘాటు, పిల్లల మెడలో సుగంధాల సంచి, ముంజేతికి ఐదు రంగుల దారం. పూర్వం మణిశిల కలిపిన సారా కూడా తాగేవారు. అది ఆర్సెనిక్ కదా అని నేను అంటే, "అందుకే మా నాన్న నుదుటి మీద మాత్రం రాసేవాడు" అంది ఆయీ. వీరులు తర్వాత వచ్చి ఉంటారు, ముందు వచ్చింది తేలే అని నా అనుమానం.

జొంగ్‌జ చుట్టడం నాకు చివరిదాకా రాలేదు. వెదురు జాతి ఆకును శంకులా మడిచి, నానిన జిగురు బియ్యం పోసి, ముక్కోణంగా మూసి దారంతో బిగించాలి. పనసాకుల బుట్టలు కుట్టి పొట్టిక్కలు వేసే మా అమ్మ చేతికి అది ఒక్క నిమిషం పని. నేను చుట్టినవి కుండలో విచ్చుకుని గంజి అయ్యేవి. అత్తగారు వాటిని లాబా జావ అని పేరుపెట్టి నవ్వేది.

నాలుగో నెల పద్నాలుగున ఛాంగ్‌మెన్ ద్వారం దగ్గర జరిగే తిరునాళ్ల గురించి ఒక్క మాట. ఆ రోజు ల్యూ దోంగ్‌బిన్ అనే సిద్ధుడి పుట్టినరోజు. ఆయన బిచ్చగాడిగానో, మొక్కలమ్మేవాడిగానో మారువేషంలో గుంపులో తిరుగుతాడట. ఎవరి వేషమో తెలియదు గనుక అందరినీ రాసుకుంటూ వెళ్లాలి, ఎవరో ఒకరు ఆయనే అవుతారు. పండుగ పేరే సిద్ధుణ్ణి ఒరుసుకోవడం. తొక్కిసలాటనే పుణ్యంగా మార్చిన ఊరు ఇంకెక్కడా చూడలేదు. మేము నలుగురం నల్లవాళ్లం ఆ గుంపులో తేలికగా కనబడతాం కదా, ముసలమ్మలు ఏరికోరి వచ్చి మమ్మల్ని రాసుకుని వెళ్లారు.

ఛింగ్‌మింగ్ దగ్గర నేను మొదట తప్పు చేశాను. ఏప్రిల్ 4, 5 తేదీల్లో వస్తుంది, పెద్దలను తలచుకునే రోజు. షాంఘై వాళ్లలో చాలామంది తమవాళ్లను సూజౌ పడమటి కొండల్లో, థాయ్‌హూ సరస్సు వైపు పాతిపెడతారు గనుక, ఆ వారం షాంఘై షాంఘై అంతా పూలతో, కాగితపు డబ్బుతో మా ఊరి బస్సుల్లో ఉండేది. 2008లో మొదటిసారి సెలవు వచ్చింది. ఆయీ నాకు ఛింగ్‌థువాన్ తెచ్చి ఇచ్చింది. లేత గడ్డి రసంతో కలిపిన జిగురు పిండి ఉండ, ఆకుపచ్చగా, నున్నగా, అరచేతిలో పట్టేంత. లోపల ఎర్ర చిక్కుడు ముద్ద. చనిపోయినవాళ్ల రోజున గుండ్రటి బియ్యపు ముద్ద చేతిలో పెడితే నా చేయి దానంతట అదే వెనక్కి వచ్చింది. పిండం! ఆవిడ మొహం చిన్నబోయింది. నా అరకొర భాషలో గోదావరి, కాకులు, తద్దినం అని ఏదేదో చెప్పాను. అంతా విని, "మీ వాళ్లు కాకికి పెడతారు, మేము మేమే తింటాం. ఎవరో ఒకరు తినాలి కదా" అని ఉండ సగం చేసి తను ముందు కొరికింది.

2010 జనవరిలో, పుష్యమాసంలోనే, తాతయ్య పోయారు. అధిక వైశాఖం చూడకుండానే. పరీక్షలు, టికెట్టు ధర, వీసా మూడూ అడ్డం వచ్చాయి. నాన్న ఫోనులో, "నువ్వు వచ్చి చేసేది ఏముందిరా, చదువుకో" అన్నారు. నేను ఆయీకి చెప్పలేదు. గోడ క్యాలెండరు దగ్గరికి తిథి చూడటానికి వెళ్లడం మానేసేసరికి ఆవిడే అడిగింది.

ఆ ఏప్రిల్ ఛింగ్‌మింగ్ రాత్రి నన్ను సందు చివర నాలుగు దారుల కూడలికి తీసుకువెళ్లింది. ఇది సూజౌ పద్ధతి కాదు, అత్తగారి షాన్‌డాంగ్ పద్ధతి అని ముందే చెప్పింది. సమాధి దూరంగా ఉన్నవాళ్లు ఇలా చేస్తారట. సుద్దముక్కతో రోడ్డు మీద పెద్ద వలయం గీసింది. గీత కలిపే ముందు ఆగి, "మీ ఊరు ఎటు?" అంది. నాకు వెంటనే తోచలేదు. హాస్టల్ మెట్ల మీద సాయంత్రం ఎండ పడే వైపు గుర్తు చేసుకుని, నైరుతి చూపించాను. ఆ వైపు జానెడు ఖాళీ వదిలింది. డబ్బు దారి తప్పకుండా వెళ్లాలి కదా. వలయంలో పసుపు కాగితాలు పెట్టి అంటించింది. ఒక కాగితం వలయం బయట వేసి కాల్చింది, దిక్కులేని ఆత్మలు దారిలో లాక్కోకుండా వాటి వాటా. నన్ను పేరు పిలవమంది. మా తాతయ్యను ఎన్నడూ పేరు పెట్టి పిలిచి ఎరగను. తాతయ్యా అన్నాను. అది పేరా అని అడిగితే, అవునన్నాను.

ఆ తర్వాతి ఏళ్ల పండుగలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గుర్తున్నాయి. కొడుకు ఒక ఏడు నిజంగానే వచ్చాడు, పొట్టివాడు, నవ్వుముఖం, మాతో కలిసి చేప సగం దగ్గర ఆపలేక మొత్తం తినేశాడు. అత్తగారు పోయారు. ఆ శీతాకాలం దోంగ్‌జీ బల్ల మీద కోడలే కుడుములు చుట్టి పెట్టింది.

2013 జూన్‌లో నా చదువు ముగిసింది. దువాన్‌వూ 12న, నా విమానం 14న. పండుగ పొద్దున ఆయీ నా ముంజేతికి ఐదు రంగుల దారం కట్టింది. ఇది పిల్లలకు కట్టేది కదా అంటే వినలేదు. పండుగ తర్వాత పడే మొదటి వానలో దాన్ని కోసి పారే నీళ్లలో వదిలేయాలి, రోగాలన్నీ వానతో పోతాయి, అంతకుముందు తీయకూడదు. ఇది కూడా అత్తగారి మాటే. సూజౌలో అది వానల కాలం. అయినా ఆ రెండు రోజులూ మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు.

అమలాపురంలో బస్సు దిగేసరికి చీకటి పడింది. అమ్మ ముందుగా చూసింది నా చేతినే. ఏ గుళ్లో కట్టించుకున్నావు అని అడిగింది. రెండో రోజు మధ్యాహ్నం గాలి లేచి, కొబ్బరి మట్టలు ఊగి, పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. తాతయ్య పడకకుర్చీ పక్కన గూట్లో, పాత పంచాంగాల కట్ట మీద ఆయన గడ్డం కత్తెర ఇంకా అలాగే ఉంది. అది తీసుకుని కాలువ గట్టుకు వెళ్లాను. దారం నీళ్లలో పడి, గుర్రపుడెక్క ఆకుకు ఒకసారి తగులుకుని, విడిపోయి వంతెన కిందికి వెళ్లిపోయింది.